మా అంగడి ప్లాన్‌ను ముగ్గుతో గీసుకున్నాం (నా అనుభవం)

"బిడ్డా, మొన్న ఫంక్షన్ హాల్ల నాతోని సంతకం పెట్టిచ్చుకున్నవు గదా, అది దేనికి?"

మా అంగడిలో, అంటే మా ఊరి సంతలో, చిన్నప్పటి నుంచీ నేను చూస్తున్న పెద్దమ్మ, టమాటాలు తూకం వేస్తూ అడిగింది. కోపంగా కాదు, మామూలుగానే. నేను చెప్పలేకపోయాను. ఆ కాగితం మీద పైన ఏం రాసుందో నేనూ చదవలేదు. టమాటాలు తీసుకొని ఇంటికి వచ్చానే గానీ, ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నేను మెప్మాలో (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థలో) ఆర్పీని, అంటే రిసోర్స్ పర్సన్‌ను. పట్టణంలోని మహిళా పొదుపు సంఘాల పుస్తకాలు చూడటం, బ్యాంకు లోన్లు ఇప్పించడం, కిస్తీలు టైముకు కట్టేలా వెంటపడటం నా పని. మా ఊరు వరంగల్ నుంచి బస్సులో గంటన్నర. నిన్నమొన్నటిదాకా పెద్ద గ్రామపంచాయతీ, ఇప్పుడు చిన్న మున్సిపాలిటీ. ఊరి పేరు రాయడం లేదు. ఇందులో కొందరిని తప్పుపట్టే మాటలున్నాయి, వాళ్లు నాకు రోజూ ఎదురుపడేవాళ్లే.

బైపాస్ పడ్డాక మా బస్టాండ్ రోడ్డు చప్పబడిపోయింది. బట్టలు కొనాలన్నా, చెప్పులు కొనాలన్నా జనం బస్సెక్కి హన్మకొండ పోతున్నారు. చెరువు నిండా గుర్రపుడెక్క. అంగడి జాగలో వాన పడితే మోకాళ్ల దాకా బురద. ఈ మూడింటినీ, అంటే అంగడి, బస్టాండ్ నుంచి చెరువు దాకా ఉన్న రోడ్డు, చెరువు కట్ట, కలిపి బాగు చేయడానికి నిధులు వచ్చాయని 2025 ఫిబ్రవరిలో తెలిసింది. సంతోషపడ్డాను, అబద్ధం ఎందుకు చెప్పాలి. నా పిల్లలు ఈ ఊళ్లోనే ఉండాలని ఆశ ఉన్నదాన్ని.

ప్రజాభిప్రాయం తీసుకోవాలని మీటింగ్ పెట్టారు. బుధవారం పొద్దున 11 గంటలకు, ఫంక్షన్ హాల్లో. మా ఊళ్లో బుధవారం అంగడి. అంటే అంగడి గురించి మాట్లాడే మీటింగు అంగడివాళ్లు ఎవరూ రాలేని టైములో పెట్టారన్నమాట. ఒక్కో ఆర్పీ 20 మందిని తీసుకురావాలని మాకు చెప్పారు. తీసుకుపోయాం. పెద్దమ్మను కూడా, సరుకును పక్కనామెకు అప్పజెప్పించి, గంటలో వచ్చేద్దామని నేనే తీసుకుపోయాను. హైదరాబాద్ నుంచి వచ్చిన కన్సల్టెంట్లు తెర మీద బొమ్మలు వేశారు. రెండంతస్తుల మార్కెట్, అద్దాలు, పూలకుండీలు, కట్ట మీద ఫుడ్ కోర్టు. ఆ బొమ్మల్లో చాలామంది మనుషులు నడుస్తున్నారు గానీ నెత్తిన తట్ట పెట్టుకున్న మనిషి ఒక్కరూ లేరు. ముందు వరుసలో కూర్చున్న నలుగురైదుగురు పెద్దమనుషులు మాట్లాడారు. మా ఆడవాళ్లు ఒక్క మాట మాట్లాడలేదు, ఎవరూ అడగలేదు కూడా. సమోసా, చాయ్ ఇచ్చారు, సంతకాలు తీసుకున్నారు, అయిపోయింది.

పెద్దమ్మ అడిగిన మర్నాడు ఆఫీసుకు పోయి ఆ కాగితం చూశాను. సంతకాల పైన తర్వాత టైపు చేసిన లైను ఉంది, ప్రణాళికను పరిశీలించి ఆమోదం తెలిపినవారు అని. నా సంతకం మొదటి పేజీలోనే ఉంది.

ఎవరితో చెప్పుకోవాలో తెలియక మా వార్డులో ఉండే రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టారు దగ్గరికి పోయాను. సారు మా చిన్నప్పుడు బడిలో చెప్పిన మనిషి. ఆయన అన్నది ఒక్కటే, "మనకు కమిటీలు ఉన్నయి గదమ్మా, వాటిని ఎప్పుడన్న లేపినమా?" నిజమే. 2019 తెలంగాణ మున్సిపాలిటీల చట్టం ప్రకారం ప్రతి వార్డుకు నాలుగు కమిటీలుండాలి, యువకులది, మహిళలది, వయసు పైబడినవాళ్లది, ఊళ్లో పేరున్నవాళ్లది, ఒక్కోదాంట్లో 15 మంది. రాజ్యాంగంలో ఉన్న వార్డు కమిటీల నిబంధన 3 లక్షల జనాభా దాటిన పట్టణాలకే తప్పనిసరి కాబట్టి, మాలాంటి చిన్న ఊళ్లకు పట్టు దొరికేది ఈ రాష్ట్ర చట్టంలోనే. 2020లో రాష్ట్ర ప్రభుత్వం పట్టణ ప్రగతి కార్యక్రమం పెట్టినప్పుడు మా వార్డు మహిళా కమిటీలో నా పేరు కూడా రాశారు. ఆ తర్వాత మేం కూర్చున్నది రెండుసార్లే.

కౌన్సిలర్ దగ్గరికి పోదామంటే 2025 జనవరిలోనే పాలకవర్గం గడువు అయిపోయింది, అప్పుడు నడుస్తున్నది స్పెషల్ ఆఫీసర్ పాలన. ఇక మిగిలింది కమిషనర్ సారే. డ్రాయింగ్ సారు, నేను, హమాలీ సంఘం అన్న ఒకాయన, పొదుపు సంఘాల సమాఖ్య అధ్యక్షురాలు అక్క, నలుగురం పోయాం. మేం గొడవకు రాలేదని మొదటే చెప్పాం. డ్రాయింగ్ సారు మాత్రం 2023 జనవరి సంగతి గుర్తు చేశారు. కామారెడ్డిలో, జగిత్యాలలో మాస్టర్ ప్లాన్ ముసాయిదా చూసి రైతులు రోడ్డెక్కారు, చివరికి రెండు చోట్లా కౌన్సిళ్లు వద్దని తీర్మానం చేయాల్సి వచ్చింది. గీసినంత పనీ మళ్లీ మొదటికొచ్చింది. "ఒక్క నెల ఇయ్యండి సార్, తర్వాత ఏడాది పోకుండ ఉంటది" అన్నారు. కమిషనర్ చాలాసేపు ఆలోచించి సరే అన్నారు, రెండు షరతులు పెట్టారు. డబ్బు పెరగదు. చెరువు హద్దు జోలికి పోవద్దు. రెండూ న్యాయమైన షరతులే అనిపించింది నాకు.

మొదటి తప్పు మేమే చేశాం. మీటింగు సాయంత్రం ఆరున్నరకు పెట్టాం, పని నుంచి వచ్చేవాళ్లకు వీలుగా ఉంటుందని. అది మార్చి, రంజాన్ నెల. సరిగ్గా ఇఫ్తార్ టైము. మసీదు గల్లీ నుంచి ఒక్కరూ రాలేదు. అంగడిలో మటన్ దుకాణాలు, పండ్ల బండ్లు ఎక్కువగా వాళ్లవే, వాళ్లు లేకుండా ఏం మాట్లాడతాం? నాకు సిగ్గేసింది, ఎందుకంటే ఫంక్షన్ హాలు మీటింగును నేను తప్పుపట్టింది ఈ టైము గురించే. మరుసటి రోజు గల్లీకి పోయి ఒక చిన్నమ్మను అడిగితే పొద్దున పదింటికి ఇంట్లో ఆడవాళ్లు ఖాళీగా ఉంటారు, మగవాళ్లు రాత్రి తరావీ నమాజు అయ్యాక మాట్లాడతారు అని చెప్పింది. అట్లా రెండుసార్లు విడివిడిగా కూర్చున్నాం.

ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది. "మీకేం కావాలి?" అని అడిగితే జనం ఏం చెబుతారంటే సీసీ రోడ్డు, మోరీ, పింఛన్, ఇల్లు. ప్రతి సభలో అందరూ అడిగేవే, నోటికి వచ్చేస్తాయి. "మీరు పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏం చేస్తరో చెప్పండి" అంటే అసలు సంగతులు బయటికొస్తాయి. అందుకని కూర్చోబెట్టి అడగడం మానేసి వెంట నడవడం మొదలుపెట్టాం.

ఒక బుధవారం తెల్లవారుజామున నాలుగున్నరకు నేను, ఇద్దరు డిగ్రీ పిల్లలు అంగడికి పోయాం. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆటోల్లో సరుకు దిగుతోంది. కూర్చునే చోట్లకు ఎక్కడా గీత లేదు, నంబరు లేదు, కానీ ఏ ఊరివాళ్లు ఎక్కడ కూర్చోవాలో అందరికీ తెలుసు. మా లెక్కకు ఆ రోజు అమ్మేవాళ్లు 200 దాటారు. ప్లాన్లో స్టాళ్లు 64. అంటే మామూలు రోజుల్లో వచ్చేవాళ్లను చూసి గీశారు, అంగడి రోజును చూడలేదు. మార్కెట్ మొదటి అంతస్తులో కూరగాయలు అని రాసుంది. పెద్దమ్మకు ఆ మాట చెబితే, "కొనెటోళ్లు కింద్నే కొనుక్కొని పోతరు, మా సరుకు చూడనీకి మెట్లెక్కి ఎవరొస్తరు బిడ్డా? నేనే తట్ట నెత్తిన పెట్టుకొని ఎక్కలేను" అంది. అంతకుమించి ఏం వాదన కావాలి?

కానీ ఆ పొద్దున నన్ను బాగా కలిచివేసింది వేరే. ఏడు గంటలకు టీ తెప్పించి ఇస్తే ఆడవాళ్లు సగం మంది వద్దన్నారు. మొహమాటం అనుకున్నాను. తర్వాత ఒకామె చెవిలో చెప్పింది, తెల్లారి నాలుగింటికి ఇంట్లో నుంచి బయలుదేరితే మధ్యాహ్నం రెండింటి దాకా నీళ్లు కూడా తాగమని. బాత్రూం లేదు. ఎండాకాలంలో కూడా అంతే. ఇన్నేళ్లు వాళ్ల సంఘం పుస్తకాలు రాసిన నాకు, మందుల ఖర్చుకని లోన్లు ఇప్పించిన నాకు ఇది తెలియదు. ప్లాన్లో టాయిలెట్లు ఉన్నాయి, కాకపోతే బిల్డింగ్ వెనకాల, లారీలు నిలబడే వైపు, గోడ చాటున. ఆ చాటుకు ఆడవాళ్లు ఒంటరిగా పోరని గీసినవాళ్లకు ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు, వాళ్లూ అడగలేదు.

చాలా ఏళ్ల కింద మా ఆర్పీలందరినీ గీసుగొండ మండలం గంగదేవిపల్లికి చూడటానికి తీసుకుపోయారు. 2007లో నిర్మల్ గ్రామ పురస్కారం వచ్చిన ఊరది. అక్కడ తాగునీటికి ఒక కమిటీ, పారిశుద్ధ్యానికి ఒకటి, ఇట్లా పనికో కమిటీ ఉంటుంది, ఎవరి పని వాళ్లే చూసుకుంటారు. నాకు గుర్తున్నది అదే. మేం కూడా పెద్ద మీటింగులు వదిలేసి అంగడికి, కట్టకు, రోడ్డుకు విడివిడిగా చిన్న గుంపులు చేసుకున్నాం.

ఆ తర్వాత ఒక ఆదివారం పొద్దున హైస్కూలు గ్రౌండులో ప్లాన్ గీశాం. కాగితం మీద గీస్తే చదువుకున్నవాళ్లే దగ్గరికొస్తారు, మిగతావాళ్లు వెనక నిలబడతారు. అందుకని నేల మీద గీద్దామన్నాను. రోడ్లకు ముగ్గు, ఇళ్లకు ఇటుక పొడి, చెరువుకు వేపాకు, గుళ్లకూ మసీదుకూ పసుపు. ముగ్గు చేతిలో పడ్డాక మా ఆడవాళ్లను ఆపడం ఎవరి తరం? హాల్లో నోరు తెరవని మనుషులు ఒకళ్లనొకళ్లు సరిదిద్దుకున్నారు. "మత్తడి గీడ కాదక్కా, ఇంకింత ఇటు." "తూము ఏడున్నది? అది మర్చిపోతివి." డ్రాయింగ్ సారు గీసిన గీతల్ని కూడా చెరిపేశారు, ఆయన సంతోషంగా జరిగి చోటిచ్చారు. చెరువుకు ఇటువైపు, చేపలు పట్టే ముదిరాజ్ సొసైటీ తాత ఒకాయన వచ్చి, 2023 జులై వరదల్లో నీళ్లు ఎక్కడిదాకా ఎక్కాయో చేతికర్రతో గీత గీసి చూపించాడు. ఆ గీత లోపల, సరిగ్గా మధ్యలో, కన్సల్టెంట్ల ఫుడ్ కోర్టు ఉంది. 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకైతే ఎఫ్‌టీఎల్ హద్దు (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు నిలిచే హద్దు) నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదైతే 9 మీటర్లు ఖాళీగా వదలాలని బిల్డింగ్ రూల్స్‌లోనే ఉంది. తాత ఆ రూల్స్ చదవలేదు. నీళ్లు చూశాడు.

ఏది ముందు కావాలో తేల్చడానికి గింజలు వాడాం. ఆడవాళ్లకు చింతగింజలు, మగవాళ్లకు మక్కజొన్న గింజలు, మనిషికి ఐదు. తమకు ముఖ్యం అనుకున్న చోట వేయాలి. గింజలు వేరుగా ఉండటం మంచిదైంది. మక్కలన్నీ పార్కింగు దగ్గర, రోడ్డు దగ్గర కుప్పపడ్డాయి. చింతగింజలు మూడు చోట్ల: అంగడి బాత్రూంలు, కట్ట మీద లైట్లు, నీళ్లలోకి దిగే మెట్లు. మెట్లు ఎందుకంటే సద్దుల నాడు బతుకమ్మలను నీళ్లలో వదలాలి. ప్లాన్లో కట్ట పొడుగునా ఇనుప రెయిలింగు ఉంది, బోటింగుకు ఒక్క గేటు ఉంది, మరి బతుకమ్మలు ఎక్కణ్నుంచి వదలాలి? బట్టలుతికే వాళ్ల రేవు కూడా రెయిలింగు కిందికే పోయింది. అన్ని గింజలూ కలిపి లెక్కపెట్టి ఉంటే పార్కింగు గెలిచేది, బాత్రూంలు ఎక్కడో కిందికి పోయేవి. మగవాళ్లలో కొందరు ఆ కుప్పలు చూసి కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత హమాలీ అన్న తన మక్కలు రెండు తీసి బాత్రూంల దగ్గర వేశాడు.

జనం చెప్పిందంతా సరైనదని నేను అనను. శిఖం భూమిలో, అంటే చెరువు నీళ్లు నిలిచే జాగలో, మట్టి పోసి ఆటో స్టాండు చేయమని గట్టిగా అడిగారు, కుదరదని చెప్పాం, మా మీద కోపం చేశారు. బండ్లవాళ్లను రోడ్డు మీద నుంచి ఖాళీ చేయించండి అని దుకాణదారులు అడిగారు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ముందు సర్వే చేసి అందరి పేర్లు రాయాలి, అప్పటిదాకా ఎవరినీ లేపకూడదు, టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది ఆ బండ్లవాళ్లే ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లుండాలి అని చదివి వినిపించాం. దుకాణాల వాళ్లకంటే ఎక్కువ బండ్లవాళ్లే ఆశ్చర్యపోయారు, కమిటీలో కూర్చోవడం తమ హక్కు అని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

అన్నిటికంటే పెద్ద ప్రశ్న చివరి వారంలో వచ్చింది. పండ్లమ్మే ఒక అన్న అడిగాడు, "అంత మంచిగనే ఉన్నది, మరి కట్టేటప్పుడు మేం ఏడ కూసోవాలె?" ఎవరి దగ్గరా జవాబు లేదు. మా దగ్గర లేదు, కన్సల్టెంట్ల దగ్గర అసలే లేదు. ఏడాదిపాటు అంగడి వేరే చోటికి పోతే కొనేవాళ్లు ఇంకో ఊరికి అలవాటు పడతారు, మళ్లీ రారు. కాలేజీ గ్రౌండులో ఒక వారం పెట్టి చూశాం. ఎండకు ఆకుకూరలు పదింటికే వాడిపోయాయి, అమ్మకాలు సగానికి పడిపోయాయని అందరూ చెప్పారు. అప్పుడు కన్సల్టెంట్లలో ఉన్న ఒక చిన్న వయసు ఇంజనీరమ్మాయి, మా ముగ్గు ప్లాన్ రోజు కూడా వచ్చి చెప్పులిప్పి మాతోపాటు నేల మీద కూర్చున్న అమ్మాయి, సగం జాగలో కట్టి, అందులోకి మార్చి, తర్వాత మిగతా సగం కడదామంది. రెండంతస్తుల బిల్డింగైతే అట్లా కట్టడం కష్టం, రేకుల షెడ్లైతే కుదురుతుంది. పైఅంతస్తు అట్లా పోయింది. మేం వద్దన్నందుకు పోయిందో, సగం సగం కట్టడానికి కుదరక పోయిందో, ఏదైనా సరే.

షెడ్డులో అరుగుల ఎత్తు గురించి ఒక పొద్దంతా మాట్లాడుకున్నాం. ఎక్కువ ఎత్తుంటే కూర్చొని అమ్మేవాళ్లకు ఎక్కి దిగడం కష్టం, తక్కువుంటే మోరీ నీళ్లు వస్తాయి. ఇటుకలు పేర్చి పెద్దమ్మను కూర్చోబెట్టి చూశాం, అడుగున్నర దగ్గర ఖాయమైంది. చేపల వాళ్లను చివరికి, మోరీ వాలు ఉన్న వైపుకు పెట్టాలని చేపలమ్మే అక్కలే చెప్పారు.

రోడ్డు విషయంలో మాత్రం మేం ఓడిపోయామనే అనాలి. 80 ఫీట్లకు వెడల్పు చేస్తామని గోడల మీద ఎర్ర రంగు గీతలు పెట్టారు. ఇళ్ల ఓనర్లు ఒకవైపు, అంబులెన్స్ ఇరుక్కుపోతోందని కాలనీలవాళ్లు ఒకవైపు, రెండు మీటింగులు అరుపుల్లోనే అయిపోయాయి. నాకైతే వెడల్పు కావాలనే ఉంది, 60 చాలని కూడా ఉంది. కానీ ఆ అరుపుల్లో అసలు లేనివాళ్లు కిరాయిదారులు. మెకానిక్ షెడ్డు, జిరాక్స్ షాపు, ఇరవై ఏళ్ల నుంచి నడుస్తున్న చాయ్ హోటల్. నష్టపరిహారం మాట వస్తే ఓనర్ పేరే వస్తుంది, దుకాణం పోయేది మాత్రం వీళ్లది. ఆ సంగతి మాకు తట్టేసరికి నెల అయిపోయింది.

నెల చివర అన్నీ రాసి ఇచ్చాం. అక్కడితో వదిలేద్దామని చాలామంది అన్నారు, నేను ఒప్పుకోలేదు. సంతకం తీసుకొని మళ్లీ కనిపించకుండా పోయిన తప్పు ఒకసారి చేశాను. ఆఫీసు నుంచి జవాబు వచ్చాక పెద్ద పెద్ద అక్షరాలతో చార్టులు రాశాం, మీరు ఏం చెప్పారు, ఏమైంది, కాకపోతే ఎందుకు కాలేదు. రేషన్ షాపులో, చాయ్ హోటల్లో, మసీదు గల్లీ మొదట్లో, అంగడిలో అంటించాం. ఉర్దూలో ఒకటి డిగ్రీ పిల్లే రాసింది. పార్కింగు తగ్గిందని తిట్టినవాళ్లు ఉన్నారు, కానీ ఎందుకు తగ్గిందో చదివి తిట్టారు. అది నాకు చాలా పెద్ద తేడాగా అనిపించింది.

మారిన ప్లాన్ మీద మళ్లీ సంతకాలు కావాల్సి వచ్చినప్పుడు కాగితం పట్టుకొని పెద్దమ్మ దగ్గరికే ముందు పోయాను. "సదువు" అంది. మూడు పేజీలూ చదివాను. మధ్యలో ఇద్దరు గిరాకీలు వస్తే ఆగమంది, వాళ్లు పోయాక మళ్లీ చదవమంది. అంతా విని, "బాత్రూంల తాళం ఎవరికాడ ఉంటది? అది రాసిందా?" అని అడిగింది. రాయలేదు. బస్టాండ్ దగ్గరున్న బాత్రూంకు ఎప్పుడూ తాళమే ఉంటుందని ఊరందరికీ తెలుసు. అమ్మేవాళ్ల సంఘం దగ్గర ఉండాలి అని పెన్నుతో కింద రాశాను, కమిషనర్ దగ్గరికి తీసుకుపోయి పక్కన సంతకం చేయించుకొని వచ్చాను. సాయంత్రం అంగడి ఎత్తే వేళకు పెద్దమ్మ సంతకం పెట్టింది.

బాత్రూంలు ముందు కట్టారు, అది మేం పట్టుబట్టినదే. షెడ్డు సగం లేచింది. నీళ్లలోకి మెట్లకు డబ్బు సరిపోదన్నారు, ఒక్క చోట మాత్రం కడతామన్నారు, ఎక్కడ అన్నది ఇంకా తేలలేదు. రోడ్డు గీతలు అట్లాగే ఉన్నాయి. వచ్చే ఆదివారం చాయ్ హోటల్ దగ్గర కూర్చుంటున్నాం, ఈసారి ఒక్కో దుకాణం తిరిగి కిరాయిదారుల పేర్లు, ఎన్నేళ్ల నుంచి ఉంటున్నారో మేమే రాసుకొని పోతున్నాం. ఇప్పటికి బస్టాండ్ వైపు ఒక పక్క అయింది, రెండో పక్క రేపు మొదలుపెట్టాలి.